ఆరో షరతు

సామ్యేలు చేసిన ఆఖరి పని ఒక కొళాయికి గుడ్డ చుట్టడం. తణుకులో ఒక మేడ మొదటి అంతస్తులో, కొత్తగా బిగించిన స్టీలు కొళాయి అది. పక్క గోడకి టైల్స్ అంటించే పని ఇంకా మిగిలి ఉంది. సిమెంటు చింది కొళాయి మెరుపు పోతుందని ఇంటావిడ దగ్గర పాత చీరముక్క అడిగి తీసుకున్నాడట. రెండు మడతలు వేసి, కొళాయి మెడకి చుట్టి, పురికొసతో ముడి వేశాడట. “రేపు మధ్యాహ్నం దాకా తిప్పకండమ్మా” అని చెప్పి, టీ తాగొస్తానని కిందకి దిగాడు. ఎదురుగా ఉన్న టీ బడ్డీ బల్ల మీద కూర్చున్నాడు. గ్లాసు చేతికి అందేలోగా పక్కకి ఒరిగిపోయాడు. అరవై ఒకటో ఏడు నడుస్తోంది.

ఈ సంగతి నాకు ఫోన్లో చెప్పింది ఆ ఇంటావిడే. పేరు హర్షిత అంది. ఆమెకి నేనెవరో తెలీదు.

“పని ఇచ్చేముందు, ఇదివరకు చేయించుకున్నవాళ్ళ నంబరు ఒకటి ఇమ్మన్నానండి. మీది ఇచ్చారు. ‘నిడదవోల్లో శివరామకృష్ణ మాస్టారని, నేనూ ఆయనా ఒకే క్లాసు, ఆయన్ని అడగండి’ అన్నారు. అప్పుడు చెయ్యలేదండి. ఆయన్ని చూశాక అడగాలనిపించలేదు. ఇప్పుడు ఇలా చెయ్యాల్సొచ్చింది.”

ఆమె అప్పుడే ఫోను చేసి అడిగి ఉంటే నేనేం చెప్పి ఉండేవాణ్ణా అని ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను. బాగా చేస్తాడు అనే చెప్పేవాణ్ణి. ఫోన్లో, ముక్కూ మొహం తెలియని మనిషితో ఆ మాట అనడం తేలిక.

నిడదవోలు హైస్కూల్లో తొమ్మిదీ పదీ మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నాం. సామ్యేలు స్కేలు లేకుండా గీసిన గీత మీద స్కేలు పెట్టి చూస్తే తేడా ఉండేది కాదు. నా జామెట్రీ బొమ్మలన్నీ అతనే గీసేవాడు. అతని తెలుగు వ్యాసాలు నేను రాసేవాణ్ణి. “ఒరే శివా, ‘కర్షకుడు’ అని రాశావు, మా నాన్నని చూస్తే అలా అనిపిస్తాడేంట్రా” అని నవ్వేవాడు. వాళ్ళ నాన్న కోతల కాలంలో పొలానికి, మిగతా రోజుల్లో తాపీపనికి వెళ్ళేవాడు.

పది పాసయ్యాక నేను కాలేజీకి వెళ్ళాను. అతను నాన్నతో పాటు తాపీ పట్టుకున్నాడు. రెండేళ్ళ తర్వాత మా పెరటిగోడ కట్టడానికి తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. నేను పుస్తకం పట్టుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాను. సామ్యేలు నా దగ్గరికి వచ్చి, “శివగారూ, మంచినీళ్ళు కావాలండి” అన్నాడు. వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడు, మా అమ్మ గుమ్మంలో ఉంది. అలా పిలవకురా అని నేను అనలేదు. ఆ రోజు అనలేదు సరే, ఆ తర్వాత నలభై ఏళ్ళలోనూ అనలేదు. నేను ‘నువ్వు’ అంటూనే ఉన్నాను, అతను ‘అండి’ అంటూనే ఉన్నాడు. ఇందులో ఏదో తేడా ఉందని నాకు తోచలేదంటే అబద్ధం. తోచింది, బాగానే ఉందనిపించింది.

ఇళ్ళు కట్టే మేస్త్రీలు చాలామంది ఉన్నారని అతను వంటిళ్ళలోకి దిగాడు. పాత వంటిల్లు పగలగొట్టి, అదే చోట కొత్తది కట్టడం అతని పని. పది పన్నెండు రోజుల్లో చేస్తానని ఎప్పుడూ చెప్పేవాడు కాదు. “ఇంట్లో పొయ్యి ఆగితే మనుషులకి చిరాకులొస్తాయండి. ఇరవై రోజులని చెప్పి పద్దెనిమిదికి ఇస్తే నేను మంచోణ్ణి. పదని చెప్పి పదకొండుకిస్తే దొంగోణ్ణి” అనేవాడు.

ఎవరింటికి వెళ్ళినా అతని మొదటి ప్రశ్న, “ఈ ఇంట్లో ఎక్కువ ఎవరు వండుతారండి?” ఇంటాయన టైల్స్ రంగు గురించి మొదలుపెడితే, “అదెంతసేపండి, ముందు వండేవాళ్ళని పిలవండి” అనేవాడు. ఆవిడ వచ్చాక అట్లకాడ చేత్తో పట్టుకుని గోడ పక్కన నిలబడమనేవాడు. తను దూరంగా నిలబడి, సుద్దముక్క ఇంటాయనకి ఇచ్చి, ఆవిడ మోచేతికి జానెడు కింద గీత గీయించేవాడు. పొయ్యి గట్టు ఎత్తు అదీ. చాలా ఇళ్ళలో పెళ్ళాం మోచెయ్యి ఎంత ఎత్తులో ఉందో మొగుడు మొదటిసారి చూసేది అప్పుడేనని అతని వేళాకోళం.

మా వంటిల్లు చేసింది 2012లో. మా ఆవిడ రత్నమాణిక్యం పొట్టి మనిషి. పాత గట్టు మా నాయనమ్మ ఎత్తుకి కట్టించినది, రత్నమాణిక్యం దాని దగ్గర నిలబడి ఇరవై ఏళ్ళు భుజాలు పైకెత్తి వండింది. సామ్యేలు పాత గట్టు పడగొట్టి, సుద్దగీత దగ్గర కొత్తది లేపి, ఈ చివర నుంచి ఆ చివరికి ఒకే నల్ల గ్రానైటు రాయి పరిచాడు. అందులోనే సింకు కోశాడు. వాటం కోసం ఒక పూటంతా పట్టింది. రాయి మీద పోసిన నీళ్ళు తుడవకుండానే సింకులోకి జారాలి, కానీ పెట్టిన గిన్నె వంకరగా కనపడకూడదు, అదీ అతని వాటం. పని జరిగిన ఇరవై మూడు రోజులూ మధ్యాహ్నం అన్నం ఆ పగిలిన వంటింట్లోనే, ఇటుకల మీద కూర్చుని తిన్నాడు.

పని పూర్తయ్యాక మా అమ్మ అన్నపూర్ణమ్మ పంతులుగారిని పిలిపించి, పసుపునీళ్ళు చల్లించి, కొత్త పొయ్యి మీద పాలు పొంగించింది. ఆ తర్వాత సామ్యేలుకి వరండాలో బట్టలు పెట్టాం. పరమాన్నం పేపరు గ్లాసులో ఇచ్చాం. అతను గ్లాసు పట్టుకుని నాతో నెమ్మదిగా, “పాలు పొంగాక మేం గెస్టులమండి. గెస్టుకి హాలు దాకానే కదా” అని నవ్వాడు. నేనూ నవ్వాను. మా వైపు ఇళ్ళలో అది ఎవరూ నోటితో చెప్పే నియమం కాదు. కట్టేటప్పుడు ఆ మనిషి వంటింట్లో ఎక్కడైనా కూర్చోవచ్చు, ఏదైనా ముట్టుకోవచ్చు. పాలు పొంగిన మరునాడు అదే మనిషి కొళాయి కారుతోందని చూడ్డానికి వస్తే, కొళాయి విప్పి వరండాలోకి తెచ్చి చూపిస్తాం.

నాలుగేళ్ళు గట్టు బాగానే ఉంది. 2016లో అమ్మకి వరసగా రెండుసార్లు ఒంట్లో బాగోలేకపోతే, ఒక సిద్ధాంతిగారు వచ్చి ఇల్లంతా చూసి, నిప్పూ నీళ్ళూ ఒకే రాయి మీద ఉండకూడదన్నారు. పొయ్యికీ సింకుకీ మధ్య అడ్డు ఉండాలన్నారు. ఆ పని సామ్యేలుకి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఎవరో దారినపోయే మేస్త్రీని పిలిపించాం. అతను రాయిని మిషనుతో రెండు ముక్కలు కోసి, మధ్యలో నుంచి ఒక పట్టీ తీసేసి, ఇటుకలతో మూరెడు ఎత్తు అడ్డగోడ లేపి, సింకు ముక్కని మళ్ళీ పరిచాడు. వాటం పోయింది. సింకు వెనకాల నీళ్ళు నిలబడటం మొదలైంది. రత్నమాణిక్యం రోజుకి పదిసార్లు గుడ్డ పెట్టి తుడుస్తుంది. సామ్యేలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి వరండాలో కూర్చునేవాడు, కబుర్లు చెప్పేవాడు. గట్టు ఎలా ఉందండి అనేవాడు. బావుంది అనేవాణ్ణి.

ఇప్పుడు అసలు సంగతి.

రాజమండ్రిలో ఇరవై నాలుగు కుటుంబాలవాళ్ళం కలిసి అపార్టుమెంటు ఒకటి కట్టించుకున్నాం. అందరం మేష్టర్లం, గుమాస్తాలం. వంటిళ్ళు మాత్రం బిల్డరుకి వదలకూడదని, ఇరవై నాలుగూ ఒక్కరికే విడిగా ఇద్దామని అనుకున్నాం. సెక్రటరీ ఉదయ్‌భాస్కర్‌గారు బీమా ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, ఏ పనైనా కాగితం మీద పెట్టనిదే ముందుకు కదలరు.

“మాస్టారూ, ఎవడో వస్తాడు, రంగుల పుస్తకం చూపిస్తాడు, మనం పడిపోతాం. కాంట్రాక్టరుకి ఏమేం ఉండాలో అన్నీ వరసగా రాసిపెట్టండి. అవి ఉన్నవాడికే పని. మీ భాష తిన్నగా ఉంటుంది” అన్నారు.

రాశాను. రాయడం నాకు ఇష్టమైన పని. జీఎస్టీ నమోదు ఉండాలి. కూలీలకి బీమా కట్టాలి. గ్యాసు పైపు, కరెంటు పని లైసెన్సు ఉన్నవాళ్ళ చేత చేయిస్తానని రాసివ్వాలి. నైపుణ్య పరీక్ష పాసైన పత్రం, పదేళ్ళ అనుభవం, రాతలో అంచనా, రెండేళ్ళ పూచీ. మొత్తం ఎనిమిది షరతులు. వాటిలో ఆరోది రాసినప్పుడు నాకు గర్వంగా అనిపించింది. ‘లోగడ తాను పూర్తి చేసిన వంటగది ఒక్కటైనా, అందులో వంట జరుగుతుండగా, కాంట్రాక్టరు స్వయంగా దగ్గరుండి చూపించి, అడిగిన ప్రశ్నలకు అక్కడే జవాబు చెప్పాలి.’ షోరూముల వాళ్ళు ఫొటోలు చూపిస్తారు, ఎవరో కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టు ఎవరో చేసిన పని గురించి మాట్లాడతారు. ఈ షరతు దగ్గర వాళ్ళు ఆగిపోతారు, సామ్యేలు నిలబడతాడు అనుకున్నాను. నిజంగా అతని కోసమే రాశాను.

కాగితం అతనికి మా వరండాలోనే ఇచ్చాను. వేలు పెట్టి ఒక్కో వరసా చదువుకుంటూ వచ్చాడు. ఆరో దాని దగ్గర వేలు ఆగింది.

“ఇది మీరే రాశారాండి?”

“నేనే. నీ కోసమే రాశాను. మిగతావాళ్ళందరూ ఇక్కడ పడిపోతారు.”

“పడిపోతారండి” అన్నాడు. వేలు తియ్యకుండానే, “వంట జరుగుతుండగా అంటే, పాలు పొంగాకన్నమాట” అన్నాడు.

అప్పటిదాకా నాకు ఆ మాట తట్టలేదు. మా ఇంట్లో పుట్టి పెరిగిన మనిషిని, నాకే తట్టలేదు. నూటయాభై వంటిళ్ళు కట్టినవాడు, మాలాంటివాళ్ళ ఇళ్ళలో ఒక్కదాంట్లోనూ కూర ఉడుకుతుండగా నిలబడలేదు.

“మా పేటలో నేను చేసినవి నాలుగున్నాయండి. చిన్నవే. అవి చూపిస్తే ఒప్పుకుంటారంటారా?”

“అక్కడిదాకా సెక్రటరీగారిని ఎందుకులే” అన్నాను. ఎందుకన్నానో ఇప్పుడు వివరించక్కర్లేదు. “మా ఇల్లుందిగా. ఇక్కడే చూపిద్దాం.”

“అమ్మగారు?”

“అమ్మతో నేను మాట్లాడతాను.”

అతను నన్ను నమ్మాడు. తర్వాత మూడు నెలలు కాగితాల వెంట తిరిగాడు. నిడదవోలు పశ్చిమ గోదావరిలోంచి తూర్పు గోదావరిలోకి వచ్చిన కొత్త. ఆధార్లో ఒక జిల్లా, బ్యాంకు పుస్తకంలో ఇంకో జిల్లా ఉండటంతో జీఎస్టీకి నాలుగుసార్లు తిప్పారు. అతనితో పనిచేసే ఆరుగురికి బీమా కట్టాడు. నైపుణ్య పరీక్షకి వెళ్ళొచ్చిన రోజు వరండాలో కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వాడు.

“పరీక్ష పెట్టినాయనకి మా పెద్దోడి వయసుంటుందండి. ఇటుకలు పేర్చమన్నాడు, పేర్చాను. ట్యూబు లెవెల్ పట్టమన్నాడు, పట్టాను. మీరెక్కడ నేర్చుకున్నారు అంకుల్ అనడిగాడు. మా నాన్న దగ్గరన్నాను. ఆయన దగ్గర సర్టిఫికెట్ ఉందా అన్నాడు. లేదు బాబూ, కర్ర ఉండేదన్నాను.”

ఆ రోజు వెళ్ళబోతూ మెట్ల దగ్గర ఆగాడు. మోకాళ్ళు అరిగిపోయాయి, వంగి నేల మీద పని చెయ్యలేకపోతున్నానని చెప్పాడు. “ఈ ఇరవై నాలుగూ వస్తే నేను కొలతలు చూసుకుంటానండి, వంగే పని కుర్రాళ్ళు చేస్తారు. కాగితం మీద నా పేరు పక్కన కాంట్రాక్టరని పడుతుంది. మేస్త్రీ అంటే కబురంపి పిలుస్తారండి. కాంట్రాక్టరంటే కూర్చోబెట్టి మాట్లాడతారు.” అంతకుముందు ఎప్పుడూ అతను తనకి ఏదైనా కావాలని నాతో అనలేదు.

అమ్మతో నేను మాట్లాడలేదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ గడిపేశాను. చివరికి ఆత్రేయపురంలో మా మేనమామ మనవడి బారసాల వచ్చింది, అమ్మ రెండు రోజులు అక్కడ ఉంటానంది. ఆ రోజే రమ్మని ఉదయ్‌భాస్కర్‌గారికి చెప్పాను. మాట్లాడే అవసరం తప్పిందని సంతోషించాను.

అందుకని, అమ్మ అడ్డం వచ్చిందని నేను చెప్పుకోవడానికి లేదు. ఆ రోజు అమ్మ ఊళ్ళో లేదు. రత్నమాణిక్యం పొయ్యి మీద పప్పు పెట్టి, మూడు టీ గ్లాసులు తీసి గట్టు మీద పెట్టింది.

సామ్యేలు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. చేతిలో ఫైలు. చెప్పులు గేటు దగ్గరే విడిచాడు. ఉదయ్‌భాస్కర్‌గారు హాల్లో కూర్చుని ఫైలంతా తిప్పి, “ఏడు ఉన్నాయండి, బ్రహ్మాండంగా ఉన్నాయి. పదండి, ఆ ఒక్కటీ చూసేద్దాం” అని లేచారు. సామ్యేలు కూడా లేచాడు. ఇద్దరూ వంటింటి వైపు తిరిగారు.

నేను ఉదయ్‌భాస్కర్‌గారి భుజం మీద చెయ్యేసి ముందుకి నడిపించాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, “నువ్వు కూర్చో సామ్యేలూ, ఫ్యాను కింద చల్లగా ఉంటుంది” అన్నాను.

ఈ మాట ఎలా వచ్చిందని నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఎవరూ అనమనలేదు. అతను ఒక అడుగు వేసి ఉన్నాడు. ఆ అడుగు వెనక్కి తీసుకుని, “ఆయ్” అని కూర్చున్నాడు.

లోపల ఉదయ్‌భాస్కర్‌గారు గట్టు ఎత్తు చూసి మెచ్చుకున్నారు. సిలిండరు పెట్టిన చోటు బాగుందన్నారు. తర్వాత సింకు దగ్గరికి వెళ్ళారు. వెనకాల నీళ్ళు నిలిచి ఉన్నాయి, కరివేపాకు ఒకటి తేలుతోంది.

“ఇదేంటండి మాస్టారూ, నీళ్ళు నిలబడిపోయాయి? ఈ అడ్డగోడేంటసలు? ఇదీ ఆయన పనేనా?”

రత్నమాణిక్యం గరిట ఆపి నా వైపు చూసింది.

“ఆయనే చేశాడండి వంటిల్లు” అన్నాను.

“పిలుద్దాం, ఆయన్నే అడుగుదాం. జవాబు ఉండే ఉంటుంది.”

“ఎందుకులెండి. మొహం మీద అడిగితే పాపం చిన్నబుచ్చుకుంటాడు.”

“మీ మంచితనం మీది మాస్టారూ. మొహమాటానికి మార్కులెయ్యలేం కదా” అని ఆయన జేబులోంచి కాగితం తీసి ఆరో వరసకి ఎదురుగా ఏదో గీశారు.

మేం హాల్లోకి వచ్చేసరికి సామ్యేలు నిలబడి ఉన్నాడు. “చూశారాండి? ఏవైనా అడగాలంటే...” అన్నాడు. ఉదయ్‌భాస్కర్‌గారు, “చూశానండి, కబురు చేస్తాం” అన్నారు. సామ్యేలు నా మొహం చూశాడు. నేను టీ తెమ్మని లోపలికి కేకేశాను.

వాళ్ళు వెళ్ళాక రత్నమాణిక్యం, “ఆ గోడ పెట్టింది వేరేవాడని ఒక్క ముక్క చెప్పడానికి మీకేం పోయింది?” అంది.

“చెబితే ఎవరు, ఎందుకు అంటూ తవ్వేవారు. ఆయన్ని పిలవమనేవారు.”

“పిలిస్తే?”

ఆ రాత్రి అన్నం దగ్గర నా కంచం పెట్టి, పక్క గదిలోకి వెళ్ళిపోయింది.

కమిటీ కూర్చున్న రోజు ఇంకో అవకాశం వచ్చింది. ఎనిమిదింట్లో ఏడు ఉన్నాయి కదా, ఒక్కదానికి చూసీచూడనట్టు పోదామని ఒకాయన అన్నాడు. ఉదయ్‌భాస్కర్‌గారు నా వైపు తిరిగి, “రాసింది మాస్టారు. ఆయన్నే చెప్పమనండి” అన్నారు. ఇరవై మూడు మంది చూస్తున్నారు. “షరతు పెట్టాక అందరికీ ఒకటే కదండి” అన్నాను. ధర్మంగా మాట్లాడానని ఒకరిద్దరు తలూపారు.

పని రాజమండ్రిలోని ఒక కంపెనీకి వెళ్ళింది. వాళ్ళు ఎవరింటికో తీసుకెళ్ళి, ఉడుకుతున్న సాంబారు పక్కన నిలబడి అన్ని ప్రశ్నలకీ జవాబు చెప్పారు. పని బాగానే చేశారు కూడా. అది చెప్పకపోతే ఇంకో అబద్ధం అవుతుంది.

సామ్యేలుకి కబురు ఉదయ్‌భాస్కర్‌గారే ఫోన్లో చెప్పారట. ఏం చెప్పారో నేను అడగలేదు. అతను మా వరండాకి రావడం మానేశాడు. నాలుగైదు నెలల తర్వాత నిడదవోలు స్టేషన్లో కనపడ్డాడు. పనిముట్ల సంచి భుజాన ఉంది, తణుకు వెళ్ళే బండి కోసం చూస్తున్నాడు. మోకాలికి బెల్టు కట్టుకుని, కొంచెం ఎగుడుదిగుడుగా నడుస్తున్నాడు. మళ్ళీ ఒక్కో వంటిల్లే చేస్తున్నానని, వంగే పని కూడా తనే చూసుకుంటున్నానని చెప్పాడు.

“శివగారూ, మన వంటిల్లు ఎలా ఉందండి?” అన్నాడు.

ఇదివరకు అడిగినట్టు లేదు ఆ అడగడం. నా మొహంలోకి చూస్తూ అడిగాడు. అప్పుడు చెప్పొచ్చు. గోడ సంగతి, సిద్ధాంతి సంగతి, ఉదయ్‌భాస్కర్‌గారితో నేనన్న మాట, అన్నీ ప్లాట్‌ఫారం బల్ల మీద కూర్చుని పది నిమిషాల్లో చెప్పొచ్చు.

“బానే ఉంది సామ్యేలూ” అన్నాను. “మీ పెద్దోడు ఎక్కడ చేస్తున్నాడు?”

అతను పెద్దోడి గురించి చెప్పాడు. అదే మేం మాట్లాడుకున్న ఆఖరుసారి.

సమాధి చేసిన రోజు నేను వెళ్ళాను, వెనకాల నిలబడి వచ్చేశాను. పదిహేను రోజుల తర్వాత అతని భార్య ప్రిస్కిల్లా కబురు చేసింది, ఒకసారి వచ్చి వెళ్ళమని. నలభై ఏళ్ళ స్నేహంలో సామ్యేలు ఇంటి లోపలికి నేను వెళ్ళడం అదే మొదలు. ప్రిస్కిల్లా నన్ను హాల్లో ఆపలేదు. నేరుగా వంటింట్లోకి రమ్మని, అక్కడే కుర్చీ వేసి, టీ పెడుతూ మాట్లాడింది.

“మీ రాయి ఉండిపోయిందండి మాస్టారూ. ఇల్లు ఖాళీ చేసి పెద్దోడి దగ్గరికెళ్ళిపోతున్నాను. ఎవరినైనా పంపించి తీసుకెళ్ళండి.”

“ఏ రాయమ్మా?”

“మీకు చెప్పలేదా?” అని ఆవిడ స్టవ్ తగ్గించింది. “మీ ఇంట్లో వాటం తప్పిందని, నీళ్ళు నిలుస్తున్నాయని ఆ రాజమండ్రి ఆయన ఫోన్లో చెప్పారంటండి. అప్పట్నుంచి ఆయనకి అదే ధ్యాస. ‘నేనెక్కడ తప్పానో తెలీట్లేదే. శివగారు పదకొండేళ్ళు నీళ్ళు తుడుచుకుంటా కూడా ఒక్క మాట అన్లేదు, చూడు ఎంత మర్యాదో’ అనేవారు. సర్టిఫికెట్లన్నీ తీసి ట్రంకుపెట్టెలో అడుగున పడేశారు. వాటం తెలీనోడికి ఇవెందుకన్నారు. అమ్మగారు ఊరెళ్ళిన రోజు చూసుకుని, పొద్దున్నొచ్చి సాయంత్రానికి మార్చేస్తానని రాయి తెచ్చి పెట్టుకున్నారు. మిమ్మల్ని అడగడానికి మాత్రం నోరు రాలేదంటండి. స్టేషన్లో కనపడితే అడగబోయానని, బానే ఉందన్నారని చెప్పారు.”

పెరట్లో రేకుల కింద, గోనెసంచులు కప్పి, గోడకి ఆనించి ఉంది రాయి. నల్ల గ్రానైటు, మా వంటింట్లోదే రంగు. అంచులు నున్నగా తిప్పి ఉన్నాయి, సింకు రంధ్రం కోసి ఉంది. వెనకవైపు ఎర్ర పెన్సిలుతో ‘శివగారు’ అని, దాని కింద కొలత రాసి ఉంది. తొమ్మిదడుగుల రెండంగుళాలు, ఒకే ముక్క. మా ఇంట్లో ఆరడుగుల దగ్గర అడ్డగోడ ఉంది.